ఎక్స్ఎస్ఎస్: పేరు వెనుక కథ
2000 జనవరిలో మైక్రోసాఫ్ట్ భద్రతా ఇంజనీర్లు వెబ్‌సైట్లపై జరిగే ఈ దాడికి 'క్రాస్-సైట్ స్క్రిప్టింగ్' అని పేరు పెట్టారు. ఒక సైట్ నుంచి మరో సైట్‌లోకి స్క్రిప్టు దూర్చడమని అప్పటి అర్థం. పొట్టిగా సీఎస్ఎస్ అనాలి; కానీ ఆ అక్షరాలు అప్పటికే పేజీల రూపం తీర్చే స్టైల్ షీట్లవి. అందుకే 'సీ' స్థానంలో క్రాస్ గుర్తులాంటి ఎక్స్ వచ్చి చేరింది.

ఇప్పుడు రెండో సైట్ అవసరమే లేదు, పేరు మాత్రం నిలిచిపోయింది. వర్డ్‌ప్రెస్ ప్లగిన్లలో ఈ దాడికి దారిచ్చే లోపం తరచూ బయటపడుతుంది. ఫారంలో ఎవరో నింపిన పేరును ప్లగిన్ ఉన్నదున్నట్టు పేజీలో చూపిస్తుంది. అందులో జావాస్క్రిప్ట్ దాగి ఉంటే, అడ్మిన్ ఆ పేజీ తెరవగానే అది అడ్మిన్ అధికారంతోనే నడుస్తుంది. కొత్త అడ్మిన్ ఖాతానే సృష్టించగలదు! చూపించే ముందు ఎస్కేప్ చేసే, అంటే కోడ్‌గా నడవకుండా మామూలు అక్షరాలుగా మార్చే ఫంక్షన్లు వర్డ్‌ప్రెస్‌లోనే ఉన్నాయి. వాటిని వాడకపోవడం, నా దృష్టిలో, క్షమించరాని నిర్లక్ష్యం.