డాక్టర్ చదువుకు దారి ఇంటర్ నుంచే: తల్లిదండ్రులు ముందుగా తేల్చుకోవాల్సినవి

పదో తరగతి పాసవగానే చాలా ఇళ్లలో వినిపించే మాట, "మా పాప డాక్టర్ అవుతుంది". ఆ కోరిక మంచిదే. అయితే దారి గురించి ఆలోచన మాత్రం నీట్ ర్యాంకు వచ్చాకే మొదలవుతోంది. అప్పటికి కొన్ని తలుపులు మూసుకుపోయి ఉంటాయి. అందుకే ఇంటర్‌లో చేర్పించే రోజే రెండు విషయాలు తేల్చుకోవాలి. ఉన్న అర్హత ఏదీ పోకుండా చూసుకోవడం ఒకటి, ఎంబీబీఎస్ సీటు రాకపోతే ఏ చదువు అన్నది రెండోది.

అమెరికా పద్ధతి వేరు

అమెరికాలో ఉన్న బంధువులు "ప్రీ-మెడ్" గురించి చెబుతుంటారు. అక్కడ సాధారణంగా నాలుగేళ్ల డిగ్రీ చేసి, ఎంక్యాట్ రాసి, ఆ తర్వాత నాలుగేళ్ల మెడికల్ స్కూల్‌లో చేరతారు. మన దగ్గర ఎంబీబీఎస్సే డిగ్రీ. ఇంటర్ తర్వాత నేరుగా చేరాలి. నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. ముందు బీఎస్సీ చేసినంత మాత్రాన ఇందులో ఒక్క ఏడాది కూడా తగ్గదు, నీట్ తప్పదు.

ఇంటర్ గ్రూపు, నీట్

మామూలు దారి బైపీసీ. ఇంటర్‌లో ఫిజిక్స్, కెమిస్ట్రీ, బయాలజీ కలిపి 50 శాతం మార్కులు ఉండాలి. రిజర్వేషన్ వర్గాలకు 40 శాతం చాలు. ఎంపీసీ చదివినవారు గుర్తింపు ఉన్న బోర్డు నుంచి బయాలజీని అదనపు సబ్జెక్టుగా పాసైతే నీట్ రాయవచ్చని జాతీయ వైద్య కమిషన్ 2023 నవంబరులో చెప్పింది.

నీట్ 720 మార్కులకు ఉంటుంది. 180 ప్రశ్నల్లో సగం, అంటే 90, బయాలజీవే. సరైన జవాబుకు 4 మార్కులు, తప్పుకు 1 మార్కు కోత. అడ్మిషన్ పొందే ఏడాది డిసెంబరు 31 నాటికి 17 ఏళ్లు నిండాలి. పరీక్షను ఉర్దూలోనూ, తెలుగులోనూ రాసుకోవచ్చు. అనువాదంలో తేడా వస్తే ఇంగ్లిష్ ప్రశ్నే లెక్కలోకి వస్తుంది. ఎంబీబీఎస్ పుస్తకాలు కూడా ఇంగ్లిష్‌లోనే కాబట్టి ఉర్దూ మీడియం పిల్లలు సైన్స్ పదాలను ఇంటర్ నుంచే ఇంగ్లిష్‌లో అలవాటు చేసుకోవాలి.

లోకల్ పోగొట్టుకోవద్దు

ప్రభుత్వ కాలేజీల్లో 15 శాతం సీట్లు ఆలిండియా కోటాకు, 85 శాతం రాష్ట్రానికి వెళ్తాయి. రాష్ట్ర సీట్లలో లోకల్ అవునా కాదా అన్నది చాలా ముఖ్యం. తెలంగాణలో 2024 నాటి జీవో 33 ప్రకారం, ఇంటర్‌తో ముగిసే వరుస నాలుగేళ్లు, అంటే తొమ్మిది నుంచి ఇంటర్ రెండో ఏడాది దాకా, రాష్ట్రంలోనే చదివి ఉండాలి. కొందరు ప్రభుత్వ ఉద్యోగుల పిల్లలకు మినహాయింపులు ఉన్నాయి. ఈ నిబంధనను సుప్రీంకోర్టు 2025లో సమర్థించింది.

అబ్బా గల్ఫ్‌లో ఉంటే పిల్లలను అక్కడే ప్లస్ టూ చదివించడం, మంచి కోచింగ్ అని వేరే రాష్ట్రంలో ఇంటర్‌లో చేర్పించడం మామూలే. అలా చేసే ముందు ఈ లెక్క వేసుకోవాలి. సొంత ఊరు హైదరాబాదే అయినా చదువు బయట జరిగితే లోకల్ హక్కు పోవచ్చు. ఆంధ్రప్రదేశ్ వాళ్లు తమ రాష్ట్ర నిబంధనలు విడిగా చూసుకోవాలి.

రిజర్వేషన్, మైనారిటీ సీట్లు

ఈ రెండూ ఒకటి కావు. బీసీ-ఈ కింద 4 శాతం రిజర్వేషన్ ముస్లింలందరికీ కాదు, జాబితాలో ఉన్న వర్గాలకే. సయ్యద్, మొఘల్, పఠాన్ వంటివి అందులో లేవు. దూదేకుల, నూర్‌బాషా వర్గాలు బీసీ-బీలో ఉన్నాయి. ఏ రిజర్వేషన్‌లోనూ లేని కుటుంబాలు ఆదాయాన్ని బట్టి ఈడబ్ల్యూఎస్ సర్టిఫికెట్ తీసుకోవచ్చు. ఆలిండియా కోటాకు కేంద్ర ఓబీసీ జాబితా చూడాలి, రాష్ట్ర జాబితా అక్కడ పనికిరాదు.

దక్కన్, షాదాన్, డాక్టర్ వీఆర్‌కే మహిళా కాలేజీ వంటివి ముస్లిం మైనారిటీ మెడికల్ కాలేజీలు. ఇక్కడ కూడా సీటుకు నీట్ ర్యాంకే ఆధారం. తెలంగాణలో కాళోజీ హెల్త్ యూనివర్సిటీ, ఆంధ్రలో ఎన్టీఆర్ హెల్త్ యూనివర్సిటీ కౌన్సెలింగ్ జరుపుతాయి. కన్వీనర్ కోటాకు, మేనేజ్‌మెంట్ కోటాకు ఫీజులో చాలా తేడా ఉంటుంది. మొత్తం కోర్సుకు ఎంత అవుతుందో చూసుకోవాలి, మొదటి ఏడాది ఫీజు చూసి ఆగిపోవద్దు.

ఎంబీబీఎస్ రాకపోతే

నీట్ ఎన్నిసార్లయినా రాయవచ్చు, కానీ పిల్లల వయసు ఆగదు. లాంగ్ టర్మ్‌కు పంపే ముందే ఎన్నిసార్లు అన్నది ఇంట్లో అనుకోవాలి. నీట్‌తోనే బీడీఎస్, బీయూఎంఎస్, బీఏఎంఎస్, బీహెచ్ఎంఎస్ సీట్లూ వస్తాయి. ఉర్దూ వచ్చిన పిల్లలకు యునాని మంచి దారి. చార్మినార్ దగ్గర నిజామియా తిబ్బీ కాలేజీ, కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హక్ యునాని కాలేజీ ఉన్నాయి. అయితే వీటిలో చేరి తర్వాత ఎంబీబీఎస్‌కు మారడం కుదరదు.

బీఫార్మసీ, ఫార్మ్-డీలకు ఈఏపీసెట్ రాయాలి. అందుకే నీట్‌తో పాటు అది కూడా రాయించడం మంచిది. ఆ ఏడాది వృథా కాదు.

విదేశాల్లో చదవాలన్నా నీట్ క్వాలిఫై కావాలి. 2021 నిబంధనల ప్రకారం కోర్సు కనీసం 54 నెలలు, ఇంగ్లిష్ మీడియంలో ఉండాలి. అదే సంస్థలో 12 నెలల ఇంటర్న్‌షిప్ చేయాలి. తిరిగొచ్చాక లైసెన్స్ పరీక్ష, ఇక్కడ మరో 12 నెలల ఇంటర్న్‌షిప్ ఉంటాయి. ప్రస్తుత లైసెన్స్ పరీక్ష ఎఫ్ఎంజీఈలో 300కు 150 మార్కులు రావాలి. ఏజెంటు మాట మీద డబ్బు కట్టే ముందు ఈ షరతులన్నీ రాతపూర్వకంగా చూసుకోవాలి. తెలంగాణ మైనారిటీ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ పీజీ, పీహెచ్‌డీ చదువులకే, ఎంబీబీఎస్‌కు కాదు.

కాగితాలు

పదో తరగతి మెమోలో "మొహమ్మద్", ఆధార్‌లో "ఎండీ", టీసీలో ఇంకో స్పెల్లింగ్. కౌన్సెలింగ్ రోజు ఇబ్బంది పెట్టేది ఇదే. ఇంటర్ మొదటి ఏడాదిలోనే పేర్లు సరిచేయించి, తొమ్మిది నుంచి స్టడీ సర్టిఫికెట్లు, కుల, ఆదాయ సర్టిఫికెట్లు ఒక ఫైల్లో పెట్టుకోవాలి.

ఇక ఆడపిల్లల సంగతి. మొదటిసారి సీటు రాలేదని చాలా ఇళ్లలో వాళ్ల చదువే ఆపేస్తారు. రెండో దారి ముందే అనుకుని ఉంటే ఆ మాట రాదు. ఎంబీబీఎస్ కాకపోతే యునాని, అదీ కాకపోతే ఫార్మసీ. పిల్ల మాత్రం చదువుతూనే ఉంటుంది.