పామర్ కొట్టు బాకీ



భాగ్యనగరపు తూర్పుదిక్కున దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి. నగర్ అంగళ్లలో సరకు అరువిచ్చి, సొమ్ము రాక వగచు వర్తకులు నేడును పెక్కురు. ఆ బాటనే పడమటికి సాగి కోఠీ చేరినచో, ఇట్టి బాకీకథ పెద్దది యొకటి కలదు.

అచ్చటి రెసిడెన్సీ నీడన విలియం పామర్ కొట్టు వెలసెను. 1816లో గవర్నరు జనరలు హేస్టింగ్సు అనుమతి పొంది, అది నిజాము ప్రభుత్వమునకు నూటికి ఇంచుమించు 25 వంతున వడ్డీకి అప్పులొసగెను. రాచకార్యములు నడపిన చందూలాల్ ఆ సొమ్ముతో సైన్యపు జీతములు చెల్లించుచుండెను. 1820లో మరి 60 లక్షల ఋణము వ్రాయబడెను. వడ్డీపై వడ్డీ పెరిగెను; రాబడి పెరుగలేదు.

కొత్త రెసిడెంటు మెట్కాఫ్ లెక్కలు విప్పి చూచి గర్హించెను. తుదకు 1823లో, ఉత్తర సర్కారులకై కుంఫిణీవారు ఏటేట నిజామునకు చెల్లించు 7 లక్షల పేష్కషు శాశ్వతముగా రద్దయ్యెను. బదులుగా వచ్చిన 1 కోటి 16 లక్షలకు మించిన రొక్కముతో పామర్ బాకీ తీరెను. మన కృష్ణా గోదావరీ సీమలపై రావలసిన కప్పము ఒక కొట్టు ఖాతాలో కలిసిపోయెను! ఐనను ఆ కొట్టు నిలువలేదు, 1824లో కూలిపోయెను.

కావున అరువిచ్చువాడు పుచ్చుకొనువాని రాబడి ముందెరుగవలెను; బాకీ చిన్నదిగా నుండగనే పత్రము చూపి రాబట్టవలెను. పెరుగనిచ్చిన అప్పు తీరినను ఇరువురను ముంచును.