మైత్రీవనం – అమెరికా విమానయానం: ల్యాప్‌టాప్ నిషేధం (2017) – చారిత్రక పరిశీలన

వ్యాససంగ్రహం:

2017 మార్చిలో అమెరికా ప్రభుత్వం పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికాల్లోని పది విమానాశ్రయాల నుంచి వచ్చే విమానాల్లో సెల్‌ఫోన్ కన్నా పెద్దవైన ఎలక్ట్రానిక్ పరికరాలను క్యాబిన్‌లోకి అనుమతించరాదని ఆదేశించింది. నాలుగు నెలలైనా నిండకుండానే ముగిసిన ఈ నిషేధాన్ని సాధారణంగా గల్ఫ్ విమాన సంస్థల సమస్యగానే చూశారు. హైదరాబాదు అమీర్‌పేటలోని మైత్రీవనం కేంద్రంగా రూపొందిన తెలుగు సాఫ్ట్‌వేర్ వలసకు ఇది ఏ అర్థంలో సమస్య అయిందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: మైత్రీవనం, వలస, ల్యాప్‌టాప్, విమాన భద్రత, లిథియం బ్యాటరీ, గల్ఫ్ మార్గం.

1. ఉపోద్ఘాతం:

తెలుగులో యాత్రాసాహిత్యానికి సుదీర్ఘ చరిత్ర ఉంది. ఏనుగుల వీరాస్వామయ్య 1830-31లో చేసిన ప్రయాణాన్ని నమోదు చేసిన 'కాశీయాత్ర చరిత్ర' మజిలీలను, దారులను, దొరికే వస్తువులను శ్రద్ధగా లెక్కించింది. ప్రయాణి ఏ ఊరు చూశాడన్నదే కాక, వెంట ఏమి తీసుకువెళ్లగలిగాడన్నదీ చరిత్రకు ఆధారమేనని ఆ గ్రంథం నేర్పుతుంది. ఆధునిక వలసల అధ్యయనంలో ఈ రెండో అంశానికి దక్కిన చోటు తక్కువ. వీసాలు, వేతనాలు, కుటుంబ సంబంధాలు, భాషా సమస్యలు చర్చకు వచ్చినంతగా ప్రయాణి చేతిసంచి చర్చకు రాలేదు. భద్రతా నియమాల చరిత్రను ఆ చేతిసంచి వైపు నుంచి చదివితే వలస స్వభావం కొంత స్పష్టపడుతుంది.

2. మైత్రీవనం: శిక్షణ నుంచి ప్రయాణం దాకా:

మైత్రీవనం పట్టణాభివృద్ధి సంస్థ 'హుడా' పేరుతో ముడిపడిన వాణిజ్య భవనం. 1990ల ద్వితీయార్ధం నుంచి అది ఒక భవనం పేరుగా మిగలక, చుట్టుపక్కల శిక్షణా సంస్థలన్నింటికీ ఉమ్మడి పేరుగా స్థిరపడింది. 2000 సంవత్సరపు తేదీ సమస్య, అంటే వైటూకే, ప్రోగ్రామర్లకు ఒక్కసారిగా గిరాకీ పెంచింది. 1998 నవంబరులో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఒరాకిల్, జావా, టెస్టింగ్, శాప్ అంటూ గోడలనిండా వెలసిన ప్రకటనలు, జిరాక్సు నోట్సుల దుకాణాలు, హాస్టళ్లు, టిఫిన్ సెంటర్లు కలిసి అక్కడొక ఆర్థికవ్యవస్థను నిర్మించాయి. మానవశాస్త్రవేత్త శియాంగ్ బియావ్ 2007లో ప్రచురించిన పరిశోధన గ్రంథంలో, భారతీయ ఐటీ శ్రామికులను విదేశాలకు సరఫరా చేసే 'బాడీ షాపింగ్' వ్యవస్థను హైదరాబాదు నుంచి సిడ్నీ దాకా అనుసరించి వివరించాడు.

శిక్షణా కేంద్రానికి సమీపంలోనే ప్రయాణ సాధనాలూ సమకూరాయి. బేగంపేటలోని పాయిగా ప్యాలెస్‌లో 2008లో అమెరికా కాన్సులేట్ ప్రారంభమైంది. అదే ఏడాది మార్చిలో విమానాశ్రయం బేగంపేట నుంచి శంషాబాదుకు మారింది. అయితే హైదరాబాదు నుంచి అమెరికాకు నేరుగా విమానం 2021 జనవరిలో ఎయిర్ ఇండియా షికాగో సర్వీసును ప్రారంభించేదాకా లేదు. అంతకుముందు తెలుగు ప్రయాణికులు ఢిల్లీ, ముంబయి, ఐరోపా నగరాలు, లేదా దుబాయి, అబుదాబి, దోహాల మీదుగా వెళ్లవలసి వచ్చేది. వీటిలో గల్ఫ్ మార్గం ఒకే మజిలీతో గమ్యం చేర్చేది. నిషేధపు బరువు తెలుగువారిపై పడడానికి భౌగోళిక కారణం ఇదే.

3. పరికరంపై అనుమానం: 1985–2016:

ఎలక్ట్రానిక్ వస్తువు విమాన భద్రతకు అనుమానాస్పదం కావడం 2017లో మొదలైనది కాదు. 1985 జూన్ 23న ఎయిర్ ఇండియా 'కనిష్క' విమానం అట్లాంటిక్ మీద పేలిపోయి 329 మంది మరణించారు. అదే రోజు జపానులోని నరిటా విమానాశ్రయంలో పేలిన బాంబును ఒక సాన్యో ట్యూనర్‌లో అమర్చినట్లు దర్యాప్తులో తేలింది. 1988 డిసెంబరు 21న లాకర్బీ మీద కూలిన పాన్ యామ్ విమానంలోని బాంబు తోషిబా రేడియో క్యాసెట్ ప్లేయర్‌లో ఉంది. ఈ మూడు సందర్భాల్లోనూ ప్రమాదం దాగింది ప్రయాణికుని చేతిసంచిలో కాదు, కింది అరలో చేరవేసే సామానులో. కనిష్క దుర్ఘటన తరువాతే, 1987 ఏప్రిల్‌లో, మన దేశంలో పౌర విమానయాన భద్రతా బ్యూరో స్వతంత్ర విభాగమైంది.

2006 ఆగస్టు 10న బ్రిటన్‌లో ద్రవ పేలుడు పదార్థాల కుట్ర బయటపడినప్పుడు, కొద్దిరోజులపాటు అక్కడి నుంచి బయలుదేరే ప్రయాణికుల ల్యాప్‌టాప్‌లు, కెమెరాలు సహా దాదాపు చేతిసామానంతా కింది అరకు చేరింది. 2016 ఫిబ్రవరి 2న మొగదిషు నుంచి బయలుదేరిన దాలో ఎయిర్‌లైన్స్ విమానంలో ల్యాప్‌టాప్‌లో దాచిన బాంబు పేలింది. విమానం ఇంకా పూర్తి ఎత్తుకు చేరకపోవడంతో సురక్షితంగా వెనుదిరిగింది. చనిపోయినది బాంబు తెచ్చినవాడొక్కడే. కింది అర నుంచి క్యాబిన్‌కు అనుమానం మళ్లడానికి ఈ ఘటన ఒక ముఖ్యమైన మలుపు.

కెమెరాది వేరే చరిత్ర. దానిపై అనుమానం పేలుడు గురించి కాదు, చూపు గురించి. 1937 నాటి విమాన నియమావళిలోని 13వ నియమం విమానాశ్రయంలోనూ, ఎగిరే విమానం నుంచీ అనుమతి లేకుండా ఛాయాచిత్రాలు తీయడాన్ని నిషేధించింది. సాధారణ ప్రయాణికులకు 2004 డిసెంబరులో ఇచ్చిన సడలింపును 2020 సెప్టెంబరులో పౌర విమానయాన డైరెక్టరేట్ మరోసారి స్పష్టం చేయవలసి వచ్చింది. చూపుకు సంబంధించిన ఈ పాత భయమూ, పేలుడుకు సంబంధించిన కొత్త భయమూ వేరువేరు దారుల్లో వచ్చినా, 2017 జాబితాలో కెమెరా ల్యాప్‌టాప్ పక్కనే చేరింది.

4. 2017 నిషేధం – స్వరూపం:

2017 మార్చి 21న ప్రకటించిన ఆదేశం అమ్మాన్, కైరో, ఇస్తాంబుల్, జెద్దా, రియాద్, కువైట్, కాసబ్లాంకా, దోహా, దుబాయి, అబుదాబి విమానాశ్రయాలకు వర్తించింది. అమలుకు తొమ్మిది విమాన సంస్థలకు ఇచ్చిన గడువు 96 గంటలు. ల్యాప్‌టాప్‌లు, టాబ్లెట్లు, ఈ-రీడర్లు, కెమెరాలు చెక్‌ఇన్ సామానులోకి వెళ్లాలి. ఫోన్లకు, వైద్య పరికరాలకు మాత్రమే మినహాయింపు. అదే రోజు బ్రిటన్ ప్రకటించిన నిషేధం టర్కీ, లెబనాన్, జోర్డాన్, ఈజిప్టు, ట్యునీషియా, సౌదీ అరేబియాలకు పరిమితమైంది.

రెండు జాబితాల మధ్య తేడా గమనార్హం. దుబాయి నుంచి లండన్ వెళ్లే ప్రయాణికుడు ల్యాప్‌టాప్‌ను ఒడిలో పెట్టుకోవచ్చు. అదే విమానాశ్రయం నుంచి న్యూయార్క్ వెళ్లేవాడు పెట్టుకోరాదు. ఢిల్లీ నుంచి ఎయిర్ ఇండియాలో అమెరికా వెళ్లేవారికి ఆంక్ష లేదు. అబుదాబిలో 2014 నుంచి అమెరికా అధికారులే ప్రయాణికులను తనిఖీ చేసి పంపుతున్నా, ఆ విమానాశ్రయమూ జాబితాలో ఉంది. అంటే అనుమానం వస్తువును బట్టి కాక మార్గాన్ని బట్టి నిర్ణయమైంది.

5. చేతిసంచిలోని ఉద్యోగం:

నిషేధం వచ్చిన కాలాన్ని కూడా లెక్కలోకి తీసుకోవాలి. ఆ ఏడాది జనవరి చివరలో కొన్ని ముస్లిం దేశాల పౌరులపై ప్రవేశ నిషేధం, ఫిబ్రవరిలో కాన్సస్ రాష్ట్రం ఒలేతలో విద్వేషపు కాల్పులకు ఒక తెలుగు ఇంజనీరు బలికావడం, ఏప్రిల్‌లో హెచ్-1బీ విధానాన్ని సమీక్షించాలన్న అధ్యక్ష ఉత్తర్వు వరుసగా వచ్చాయి. తెలుగు కుటుంబాల్లో అప్పటికే ఉన్న బెంగకు ఈ నియమం మరొకటి జోడించింది.

సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి ల్యాప్‌టాప్ వినోద సాధనం కాదు, పనిముట్టు. వడ్రంగికి ఉలి, కంసాలికి కుంపటి ఎలాంటివో ఇదీ అలాంటిదే. ఒక తేడా ఉంది. ఉలి పనివాడి సొంతం. కంపెనీ ఇచ్చిన ల్యాప్‌టాప్, అందులోని సమాచారం యజమానివి. దానిని కళ్లెదుట ఉంచుకోవడం ఉద్యోగి బాధ్యత. కింది అరకు చేరిన సామాను పోయినా, పగిలినా, 1999 మాంట్రియల్ ఒప్పందం ప్రకారం విమాన సంస్థ చెల్లించవలసిన గరిష్ఠ పరిహారం అప్పట్లో 1,131 ఎస్‌డీఆర్‌లు, అంటే సుమారు 1,500 డాలర్లు. ఆ మొత్తం పెట్టెలోని సామానంతటికీ కలిపి. అందులో చీరలూ, పచ్చళ్లూ, ల్యాప్‌టాప్ అన్నీ ఒకే లెక్క.

విమాన సంస్థలు తమకు తోచిన ఉపాయాలు వెతికాయి. ఎమిరేట్స్ దుబాయిలో విమానం ఎక్కే గేటు దగ్గరే పరికరాలు తీసుకొని భద్రపరిచే ఏర్పాటు చేసింది. ఖతార్ ఎయిర్‌వేస్ బిజినెస్ తరగతి ప్రయాణికులకు ల్యాప్‌టాప్‌లు అరువిచ్చింది. మైత్రీవనంలో కోర్సు ముగించి మొదటి ఉద్యోగానికి ఎకానమీ తరగతిలో వెళ్లే యువకునికి అరువు సదుపాయం అందేది కాదు. ఏప్రిల్‌లో ఎమిరేట్స్ అమెరికాలోని ఐదు నగరాలకు సర్వీసులు తగ్గించింది.

జూన్ 28న అమెరికా అన్ని దేశాల విమానాశ్రయాలకూ వర్తించే కట్టుదిట్టమైన తనిఖీ విధానాన్ని ప్రకటించింది. జులై 2న అబుదాబికి, తరువాతి కొద్దిరోజుల్లో దుబాయి, దోహాలకు, ఆ నెలలోనే మిగిలిన వాటికి నిషేధం తొలగింది. ఆగస్టు చివర మొదలయ్యే విద్యాసంవత్సరానికి తెలుగు విద్యార్థుల ప్రయాణాలు ఉద్ధృతం కాకముందే ఇది ముగియడం వల్ల, దీని పూర్తి బరువు ఆ వర్గంపై పడలేదు. సామూహిక జ్ఞాపకంలో ఈ నిషేధం నిలవకపోవడానికి ఇదొక కారణం కావచ్చు.

6. అగ్నిభయం – ఎదురు నియమం:

నిషేధంలోని అంతర్వైరుధ్యం బ్యాటరీలో ఉంది. 2010 సెప్టెంబరులో దుబాయి వద్ద కూలిన యూపీఎస్ సరుకు విమానంలో లిథియం బ్యాటరీలున్న సరుకుకు నిప్పంటుకొని ఇద్దరు సిబ్బంది మరణించారు. 2016 ఏప్రిల్ నుంచి ప్రయాణికుల విమానాల్లో లిథియం-అయాన్ బ్యాటరీలను విడిగా సరుకుగా పంపడాన్ని అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ నిలిపివేసింది. విడి బ్యాటరీలు క్యాబిన్‌లోనే ఉండాలన్నది అప్పటికే స్థిరపడిన నియమం. నిప్పు రేగితే సిబ్బంది చూడగలిగేది, ఆర్పగలిగేది అక్కడే. 2017 నిషేధం అవే బ్యాటరీలున్న పరికరాలను ఎవరి కంటికీ కనిపించని అరలోకి నెట్టింది. అదే ఏడాది అమెరికా విమానయాన సంస్థ చేసిన ప్రయోగాల్లో, వేడెక్కిన ల్యాప్‌టాప్ పక్కన ఏరోసాల్ డబ్బా ఉన్న పెట్టె నిమిషంలోపే పేలింది. పెద్ద పరికరాలను చెక్‌ఇన్ సామానులో పెట్టవద్దని ఆ సంస్థే సిఫారసు చేసింది. నేడు ఆంక్షల దృష్టి పవర్ బ్యాంకులపైకి మళ్లింది. 2025 జనవరిలో బుసాన్‌లో విమానం తగలబడిన తరువాత దక్షిణ కొరియా, అక్టోబరు నుంచి ఎమిరేట్స్ వాటి వాడకంపై కొత్త నియమాలు తెచ్చాయి.

7. ముగింపు:

బాంబు భయం పరికరాన్ని కింది అరకు పంపింది, అగ్నిభయం పైకి రప్పించింది. రెండింటికీ వాటివాటి హేతువులున్నాయి. అయితే ఏ భయం ఎప్పుడు పైచేయి కావాలన్న నిర్ణయం ప్రయాణికుని చేతిలో లేదు. మైత్రీవనం తన విద్యార్థికి నైపుణ్యాన్ని ఇచ్చింది. ఆ నైపుణ్యం సరిహద్దులు లేనిదన్న నమ్మకాన్నీ ఇచ్చింది. 2017 నిషేధం ఆ నమ్మకపు హద్దును చూపింది. నైపుణ్యం మనిషి తలలో ఉన్నా, అది పనిచేసే యంత్రం సామాను కిందికే వస్తుంది. సామాను ఎక్కడ ఉండాలో నిర్ణయించేది మార్గం, పాస్‌పోర్టు, పాలకుల అనుమానం. తెలుగు వలస చరిత్ర రాసేవారు వీసా పత్రాలతో పాటు విమానాశ్రయ నియమాలనూ, సామాను చీటీలనూ ఆధారాలుగా స్వీకరించవలసిన అవసరం ఇక్కడే ఉంది.