స్పాట్ వెల్డింగ్‌లో కరెంటు కొలత: ఒక చరిత్ర

కరెంటు పుట్టించే వేడితో లోహాలను అతికే రెసిస్టెన్స్ వెల్డింగ్ (స్పాట్ వెల్డింగ్ అందులో ఒక రకం) ఒక ఉపన్యాస ప్రదర్శనలో పుట్టింది. 1877లో ఫిలడెల్ఫియాలోని ఫ్రాంక్లిన్ ఇన్‌స్టిట్యూట్‌లో ఎలిహు థామ్సన్ ఇండక్షన్ కాయిల్‌ను తిరగేసి వాడాడు. లీడెన్ జాడీలోని విద్యుత్తును సన్నతీగ చుట్టలోకి వదిలితే, తాకి ఉన్న లావుతీగ కొసలు అతుక్కుపోయాయి. 1886లో ఆయనకు పేటెంట్ దక్కింది.

వేడి కరెంటు వర్గాన్ని బట్టి పెరుగుతుందని జౌల్ 1841లోనే తేల్చాడు. కరెంటు 10 శాతం పడిపోతే వేడి 19 శాతం పోతుంది. అంత ముఖ్యమైన కరెంటును కొలవకుండా, చాలాకాలం ఉలినే నమ్ముకున్నారు. రేకుల మధ్య ఉలి దూర్చి విడదీసినప్పుడు ఒకదానికి బొడిపె అంటుకుని, రెండోదానికి బొక్క పడితే అతుకు గట్టిదన్నట్టు.

ఇది నిర్లక్ష్యం కాదు. ఒక మిల్లీమీటరు ఉక్కు రేకులకు దాదాపు 10 వేల ఆంపియర్లు కావాలి, అదీ సెకనులో అయిదో వంతు సేపే. మామూలు అమ్మీటర్ ముల్లు లేచి నిలబడేలోపే పని అయిపోతుంది. అందుకే ముల్లు కింద ఒక ఆపు పెట్టి, రావలసిన అంకె దగ్గరకు ముందే జరిపి ఉంచే మీటర్లు వచ్చాయి. వెల్డ్ చేసినప్పుడు ముల్లు ఎగిరితే ఆపును కాస్త పైకి జరపాలి. మరో వెల్డ్ చేయాలి. ముల్లు అదిరీ అదరనట్టు కదిలే చోటే అసలు అంకె. ఒక్క అంకె కోసం ఇన్ని రేకులు ఖర్చు! పైగా ఆ తరువాత చేసే అతుకుల గురించి అది చెప్పేదేమీ లేదు.

1930లలో వెస్టింగ్‌హౌస్ కంపెనీలో ఇంజనీరు స్లెపియన్ రూపొందించిన ఇగ్నిట్రాన్, 1957 తరువాత థైరిస్టర్ అనే స్విచ్‌లు కరెంటు వేళను, మోతాదును చేతికి తెచ్చాయి. కానీ తరంగాన్ని మధ్యలో కోసి పంపడంతో సగటు చూపే మీటర్లు తప్పుదోవ పట్టించాయి. వేడికి లెక్కయ్యేది ఆర్‌ఎంఎస్ విలువ, అంటే కరెంటు వర్గాల సగటుకు వర్గమూలం.

పరిష్కారానికి మూలం అప్పటికే ఉంది. చాటక్ అనే శాస్త్రవేత్త 1887లో వర్ణించిన తీగచుట్టకు, 1912లో జర్మనీలో రొగోవ్‌స్కీ, స్టైన్‌హౌస్‌ల పత్రంతో ప్రచారం వచ్చింది. అందులో ఇనుము లేదు కనుక ఎంత కరెంటుకైనా సంతృప్తం కాదు. రేకులకు కరెంటు పంపే ఎలక్ట్రోడ్ చేతి చుట్టూ తొడిగితే చాలు. అయితే అది చూపేది కరెంటు మారే వేగాన్ని. దాన్ని సమాకలనం చేసే ఎలక్ట్రానిక్ సర్క్యూట్లు అందుబాటులోకి వచ్చాకే వర్క్‌షాపుల్లో స్థిరపడింది. మైక్రోప్రాసెసర్లతో ప్రతి అతుకు కరెంటునూ పై, కింది హద్దులతో పోల్చడం వీలైంది. ఈ కొలతలకు 2005లో ఐఎస్ఓ 17657 ప్రమాణాలు వెలువడ్డాయి.

ఇలా హద్దులతో పోల్చే మానిటర్‌కు కనిపించని లోపం ఒకటుంది. ఎలక్ట్రోడ్ మొన అరిగి వెడల్పైతే అదే కరెంటు ఎక్కువ వైశాల్యంలో పరుచుకుంటుంది. అంకె సరిగ్గానే ఉంటుంది, అతుకు బలహీనపడుతుంది. అందుకని కంట్రోలర్లలో స్టెప్పర్ చేర్చారు: ఇన్ని అతుకులు పడ్డాక కరెంటు ఇంత పెరగాలని ముందే నమోదు చేసి, మొన దిద్దగానే మళ్లీ మొదటికి తెస్తారు.