రేడియోల జీర్ణోద్ధరణమునఁ బాఠాంతరములు

తాళపత్రగ్రంథములను బరిష్కరించు పండితులకు గ్రంథపాతములు కొత్త గావు. పురుగు తిన్నచోట నొక లేఖకుఁడు తనకుఁ దోఁచిన పదమును నింపును. తరువాతివాఁడు దానినే మూలమని భ్రమించి వ్రాసికొనును. యంత్రములకును నిట్టి పాఠచరిత్ర కలదన్నచోఁ గొందఱు నవ్వవచ్చును. అమెరికాదేశమున 1942 మొదలు 1945 వఱకు జరిగిన రేడియోమరమ్మతు లిందుకు నిదర్శనములు.

1940 నాఁటి జనాభాలెక్కలలో నాదేశమున నూటికి సుమారు 83 ఇండ్లలో రేడియో యున్నట్లు తేలినది. 1942 ఏప్రిలు 22వ తేదీతో వార్ ప్రొడక్షన్ బోర్డను ప్రభుత్వమండలి ప్రజలకై రేడియోలు చేయుటను నిలిపివేసెను. కర్మాగారములు సైన్యమునకే పనిచేసెను. వాల్వులు దుర్లభములయ్యెను. ఉన్న రేడియో చెడినచో దానినే యెట్లో బాగుచేసికొనవలసి వచ్చెను.

నాఁడు సామాన్యగృహములందు విరివిగాఁ గనఁబడినది యైదువాల్వుల చౌకరేడియో. ఖర్చు తగ్గించుటకై యందు విద్యుత్తును మార్చు ట్రాన్సుఫార్మరు నుంచక, వాల్వుల వేఁడితీఁగెలను దండలోని పూసలవలె వరుసగాఁ గూర్చిరి. మూఁడింటి కొక్కొక్కదానికి 12.6 వోల్టులు, నాలవదానికి 50, అయిదవదానికి 35, మొత్తము 122.8. ఇంటికి వచ్చు విద్యుత్తు సుమారు 117 వోల్టులగుటచేఁ గొంచెము తక్కువైనను బని జరగును. ఒక్కటి మాడిన నైదును జల్లాఱును.

స్వరమును బిగ్గరచేయు 50ఎల్6 మాడి, మఱియొకటి దొరకలేదనుకొందము. 35ఎల్6 అనుదాని కాళ్ల యమరికయు, పనియు నదియే. వేఁడితీఁగెకు మాత్రము 15 వోల్టులు తక్కువ. వరుసలోఁ బాఱు విద్యుత్తు 0.15 ఆంపియరు. 15ను 0.15చే భాగింప 100 వచ్చును. కావున 100 ఓముల నిరోధకము నొకటి చేర్చినఁ జాలును. అది 2.25 వాట్ల వేఁడిమిని వెడలించును గనుక సన్ననిది పనికిరాదు. మైనపుఁ గండెన్సరుల చెంత నుంచనుఁ గూడదు. ఇది తెలిసి చేసినవాఁడు సామాన్యుఁడు గాఁడు.

1954లో ట్రాన్సిస్టరు రేడియో యంగడికెక్కిన పిమ్మట వాల్వుల యుత్పత్తి క్రమముగా సన్నగిల్లెను. నేఁడు పాతపెట్టెను విప్పినవానికి 35ఎల్6యు, 100 ఓముల నిరోధకమును గనఁబడినచో నేమి చేయవలయును? జాన్ రైడరు 1930వ దశాబ్దినుండి ప్రకటించిన సర్క్యూటుపటముల సంపుటములతోఁ బోల్చి చూచి, కొంద ఱిది యపపాఠమని తీసివేసి, యెక్కడనో మిగిలిన 50ఎల్6 నధికవెలకుఁ దెచ్చి పెట్టుదురు. నా యభిప్రాయమున నిది యపచారము. కర్మాగారమున వెలువడిన రూపమొక్కటియే చరిత్ర గాదు. యుద్ధకాలపు నిర్బంధమునకు సాక్ష్యమా నిరోధకమే.

మైనపుఁ గండెన్సరుల సంగతి వేఱు. కాగితము చెమ్మను బీల్చి విద్యుత్తును గాఱనిచ్చును. స్వరపు వాల్వు ముందరిది కాఱెనేని యా వాల్వున నధికప్రవాహము కలిగి, దానితోపాటు లౌడుస్పీకరు ట్రాన్సుఫార్మరును మాడవచ్చును. వీనిని దప్పక మార్చవలయును. అయితే క్రొత్త కండెన్సరును బాత యట్టగొట్టములో దాఁచి పైన మైనము పోసి మూసెడివారున్నారు. చూపునకు ముచ్చటయే, కాని చీటి లేకున్న నది ప్రక్షిప్తమును మూలమున జొప్పించుటయే యగును. మార్చినదేదో, దాని విలువ యెంతయో, యే తేదీని మార్చితిమో కాగితముపై వ్రాసి పెట్టెలోపల నంటించి, తీసిన కండెన్సరులను సంచిలోఁ గట్టి యందే యుంచవలయును. పెట్టెలో నందుకుఁ జోటు చాలఁగలదు.