గ్లాసులోంచి జిన్ తీసేస్తే మిగిలేది మన షర్బతే



పోయిన రంజాన్‌లో మా ఇంట్లో ఒక చిన్న ఫసాద్ జరిగింది. బెంగళూరులో నౌకరీ చేసే మా ఆపా కొడుకు ఇఫ్తారీకి కర్నూలు వచ్చాడు. వాడే వంటగదిలోకి పోయి నిమ్మరసం, చక్కెర పాకం, ఐసు కలిపి, కాడ ఉన్న గాజు గ్లాసుల్లో పోసి, అంచుకు నిమ్మ తునక పెట్టి దస్తర్‌ఖాన్ మీదికి తెచ్చాడు.

"ఏందిరా ఇది?" అన్నాడు దులేభాయ్.

"గిమ్లెట్ అబ్బా. జిన్ లేకుండా చేసినా."

అంతే. దులేభాయ్ గ్లాసు పక్కకు జరిపేశాడు. "షరాబ్ పేరున్న దాంతో రోజా ఇడవమంటావా?" అన్నాడు. పిల్లోడు ఏమీ మాట్లాడలేదు. గ్లాసులన్నీ ఎత్తుకుపోయి సింకులో పోశాడు. ఆ రాత్రి తరావీకి కూడా మాతో రాలేదు. మరుసటి రోజు సహెరీ అయినాక నా పక్కన కూర్చొని, "మామూ, నేను చేసింది వాళ్ళ నకలేనా?" అని అడిగాడు.

నేను ఆలిమ్‌ను కాను. ఫత్వా ఇచ్చే హక్కు నాకు లేదు. తారీఖ్ మీద షౌక్ ఉన్నోణ్ణి. కాబట్టి ఆ గ్లాసు తారీఖ్ ఏందో మాత్రం చెప్పినా. అదే ఇక్కడ రాస్తున్నా.

ముందు లఫ్జ్ సంగతి. మన ఉర్దూలో షరాబ్ అంటే మత్తు పానీయం. అరబీలో అట్ల కాదు. 'షరిబ' అంటే తాగడం, తాగేది ఏదైనా షరాబే. సూరె నహ్ల్‌లో తేనెకు వాడిన లఫ్జ్ షరాబే. హరామ్ అయిన మత్తుకు ఖురాన్ వాడే మాట ఖమ్ర్. సూరె దహ్ర్‌లో జన్నత్ వాళ్ళకు కాఫూర్ కలిపినవీ, జంజబీల్ అంటే అల్లం కలిపినవీ పానీయాలుంటాయని ఉంది. అంటే ఖుష్బూ కలిపి తాగడం తప్పు కాదు. హద్దు ఉన్నది మత్తు దగ్గర.

ఆ 'షరిబ' నుంచే షర్బత్ వచ్చింది. ఇంగ్లీషులో సిరప్, షర్బెట్, ష్రబ్ అనే మాటలు కూడా ఆ ఖాన్‌దాన్‌వే. జూలెప్ అనే కాక్‌టెయిల్ పేరు ఫార్సీ గులాబ్ నుంచి పోయింది. ఆఖరికి ఆల్కహాల్ అనే మాట కూడా అల్-కుహ్ల్, అంటే మనం కళ్ళకు పెట్టుకునే సుర్మా. బట్టీ పెట్టే పాత్రకు అలెంబిక్ అనే పేరు అల్-అంబీక్ నుంచి. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్‌లో అల్-కిందీ ఇత్తర్లు తీసే పద్ధతుల మీద ఒక కితాబే రాశాడు. జిన్‌కు వాసన ఇచ్చే జునిపర్ కాయ మన యునానీ హకీముల దగ్గర అబ్‌హల్ అనే దవా. సామాను చాలా వరకు మన ఇలాకాది. దాన్ని మత్తు కోసం వాడుకున్నది వేరేవాళ్ళు.

ఇంక గిమ్లెట్. లండన్‌లో 1930లో అచ్చయిన సావోయ్ కాక్‌టెయిల్ బుక్‌లో దాని నుస్ఖా రెండే వస్తువులు: సగం జిన్, సగం రోజెస్ లైమ్ కార్డియల్. ఈ కార్డియల్ కథ విను బేటా అన్నా. ఓడల్లో నెలల తరబడి తిరిగే నావికులకు స్కర్వీ రోగం వచ్చేది. చిగుళ్ళలోంచి రక్తం కారి చచ్చిపోయేవాళ్ళు. నిమ్మజాతి రసం దానికి ఇలాజ్ అని తెలిసి, 1795 నుంచి బ్రిటిష్ నౌకాదళం రసం పంచింది. కానీ రసం చెడిపోకుండా దాంట్లో మద్యం కలిపేవాళ్ళు. 1867లో స్కాట్లండ్‌కు చెందిన లాక్లన్ రోజ్ అనే వ్యాపారి మద్యం లేకుండా, చక్కెరతో నిమ్మరసం నిలవుంచే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. అదే ఆ కార్డియల్.

చక్కెరలో నిమ్మరసం నిలవ పెడితే దాన్ని మనమేమంటాం? నింబూ షర్బత్! మద్యం లేకుండా ఉండటానికి పుట్టిన సీసాలోకి తర్వాత ఎవరో జిన్ పోశారు. మా వాడు చేసింది ఆ జిన్ తీసేయడమే.

ఇప్పుడు మన రాయలసీమకు వద్దాం. 1800లో నిజాం ఈ జిల్లాలను కంపెనీకి దత్తం చేశాడు. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను గద్దె దించారు. ఆ తర్వాత పాతికేళ్ళకు, 1864 నాటి బ్రిటిష్ ఫార్మకోపియాలో ఒక షర్బత్ ఎక్కింది. పేరు సిరపస్ హెమిడెస్మి. అది వేరే ఏదో కాదు, మన నన్నారి! తెలుగులో సుగంధిపాల, యునానీలో ఉష్బా. నల్లమల, శేషాచలం కొండల్లో పాకే తీగ వేరు. హకీములు దాన్ని ఖూన్ సాఫ్ చేసే దవా అంటారు. దొరలు మన దగ్గర నేర్చుకున్నప్పుడు దాన్ని ఎవరూ నకల్ అనలేదు.

ఇంకో సంగతి మా వాడికి తెలియదు. మద్యం మీద పోరులో కడప ముందు వరసలో ఉన్న జిల్లా. రాజాజీ ప్రభుత్వం 1937 అక్టోబర్ 1న సేలంలో మద్యనిషేధం మొదలుపెట్టి, 1938లో చిత్తూరు, కడప జిల్లాలకు తెచ్చింది. కల్లు, సారా ఆమ్‌దనీ పోయిన లోటు పూడ్చడానికి 1939లో అమ్మకపు పన్ను పెట్టారు. అప్పటికి కర్నూలుకు నిషేధం రాలేదు. 1948 నాటికి మద్రాసు రాష్ట్రమంతా అయింది. తర్వాత అది పోయింది. మళ్ళీ 1995లో వచ్చింది, 1997లో పోయింది. హుకూమత్‌లు పెట్టినవి హుకూమత్‌లే తీసేశాయి. దస్తర్‌ఖాన్ మీది రివాజ్‌ను మాత్రం ఏ జీవో తీసేయలేదు. పీర్ల పండుగకు మన ఊళ్ళలో హిందూ ఇళ్ళ నుంచి కూడా బిందెలతో బెల్లం షర్బత్ వస్తుంది. కర్బలా ప్యాస్ యాదికి ఎవరైనా తాగొచ్చు, జాత్ అడగరు. శ్రీరామనవమి పందిట్లో పానకం కూడా మనకు అట్లే ఇస్తారు.

నాకు అసలు దుఃఖం గిమ్లెట్ గురించి కాదు. ఇప్పుడు షాదీఖానాల్లో షర్బత్ పేరుతో ఇచ్చేది రంగు, ఎసెన్సు, చక్కెర. వేరు వాసనే లేదు. మా నానీ చేసిన తరీకా ఇక్కడ రాసిపెడుతున్నా, పోకుండా ఉండనీ.

నన్నారి వేర్లు బాగా కడిగి, దంచి, లోపలి చెక్క పుల్ల తీసిపారేయాలి. వాసన అంతా పైబెరడులోనే ఉంటుంది. యాభై గ్రాముల బెరడు ఒక లీటరు వేడి నీళ్ళలో వేసి, మూతపెట్టి రాత్రంతా నానబెట్టాలి. పొద్దున గుడ్డలో వడగట్టి, కిలో చక్కెర వేసి సన్న సెగ మీద కాచాలి. వేళ్ళకు జిగురు తగిలితే చాలు, తీగపాకం దాకా పోనీయొద్దు. దించి, ఒక నిమ్మకాయ పిండి, చల్లారినాక సీసాకు పోయాలి. తాగేటప్పుడు గ్లాసుకు రెండు పెద్ద చెంచాల పాకం, అర చెక్క నిమ్మ, కుండ నీళ్ళు, నానిన సబ్జా గింజలు. నిమ్మ ఎక్కువైతే నన్నారి వాసన చచ్చిపోతుంది, జాగ్రత్త.

జుమా నాడు మా వాడు ఇదే చేశాడు. దులేభాయ్ ఒక గుక్క తాగి, ఖాళీ అయినాక గ్లాసు మళ్ళీ ముందుకు జరిపాడు. మాట ఏమీ అనలేదు. అయితే కాడ గ్లాసులు ఆపా ముందే అల్మారాలోకి ఎత్తేసింది. స్టీలు గ్లాసుల్లోనే పోసింది. అది కూడా సబబే అనిపించింది నాకు. ఆ రాత్రి తరావీకి ముగ్గురం కలిసే పోయినాం.