పేగు పొర సాక్ష్యం: క్షయ, క్రోన్స్ వ్యాధుల నిర్ధారణలో బయాప్సీ

దీర్ఘకాలిక పేగువాపు వ్యాధి అన్న పేరు కింద వైద్యశాస్త్రం ప్రధానంగా రెండు వ్యాధులను చేరుస్తుంది. పురీషనాళంలో మొదలై ఎడతెగకుండా పైకి పాకుతూ, చాలావరకు పెద్దపేగు లోపలి పొరకే పరిమితమయ్యేది అల్సరేటివ్ కొలైటిస్. నోటి నుంచి మలద్వారం దాకా ఎక్కడైనా పుట్టి, మధ్యమధ్య ఆరోగ్యంగా ఉన్న భాగాలను విడిచిపెడుతూ, పేగు గోడ మందమంతటికీ వ్యాపించగలిగేది క్రోన్స్ వ్యాధి. ఈ రెండింటినీ ఒక్క పరీక్షతో తేల్చే మార్గం లేదు గనుక రోగి చెప్పే వ్యాధి చరిత్ర, కొలనోస్కోపీలో కనిపించే దృశ్యం, స్కానింగ్, రక్త, మల పరీక్షలు, వాటితోపాటు బయాప్సీ, అంటే పేగు లోపలి పొర నుంచి రెండు మూడు మిల్లీమీటర్ల తునకను గిల్లి తీసి సూక్ష్మదర్శిని కింద చూడటం, ఇవన్నీ కలిసి నిర్ణయానికి దారి చూపుతాయి.

తమిళనాడులోని ధర్మపురి వంటి జిల్లాలో ఈ నిర్ణయానికి మరో చిక్కు తోడవుతుంది. క్షయ ఇప్పటికీ విస్తారంగా ఉన్న మన దేశంలో పేగు క్షయ కూడా క్రోన్స్ లాగే చిన్నపేగు చివర, పెద్దపేగు మొదట కలిసే చోటును ఎక్కువగా పట్టుకుంటుంది. రెండింటిలోనూ కడుపునొప్పి, విరేచనాలు, జ్వరం, బరువు తగ్గడం ఉంటాయి. రెండింటిలోనూ పుండ్లు, ఇరుకుదనం, గ్రాన్యులోమాలు కనిపిస్తాయి. గ్రాన్యులోమా అంటే శరీరం తాను అరిగించుకోలేని దాన్ని చుట్టుముట్టేందుకు రక్షణ కణాలతో కట్టుకున్న చిన్న ముద్ద. పొరపాటు ఎటు జరిగినా నష్టం తీవ్రమే. క్షయ ఉన్నవారికి క్రోన్స్ అనుకొని, రోగనిరోధక శక్తిని అణచే స్టెరాయిడ్లు, ఇన్‌ఫ్లిక్సిమాబ్ వంటి మందులు ఇస్తే క్షయ విజృంభిస్తుంది. క్రోన్స్ ఉన్నవారికి నెలల తరబడి క్షయ మందులు వాడితే ఆలోగా పేగు మరింత ఇరుకై శస్త్రచికిత్స దాకా పోవచ్చు.

ఈ గందరగోళం క్రోన్స్ వ్యాధి చరిత్రలో మొదటి నుంచీ ఉన్నదే. స్కాట్లాండ్ శస్త్రవైద్యుడు కెనెడీ డాల్జియెల్ 1913లో ఇటువంటి పేగువాపును వర్ణిస్తూ దాన్ని పశువులకు వచ్చే జోన్స్ వ్యాధితో పోల్చాడు. క్షయక్రిమికి దగ్గరి బంధువైన బ్యాక్టీరియా వల్ల వచ్చే వ్యాధి అది. 1932లో న్యూయార్క్‌లో బరిల్ క్రోన్, లియోన్ గింజ్‌బర్గ్, గోర్డన్ ఒపెన్‌హైమర్ 14 మంది రోగుల ఆధారంగా ఈ వ్యాధికి ప్రత్యేక రూపం ఇచ్చినప్పుడు, ఇది క్షయ కాదని చూపడం వారి వాదంలో ముఖ్యభాగమైంది. భారతదేశంలో 1972లో టాండన్, ప్రకాశ్ పేగు క్షయ లక్షణాలను క్రోన్స్‌తో పోల్చి విశదీకరించారు గానీ, వారు చూసినది శస్త్రచికిత్సలో తీసిన పేగు ముక్కలను. కొలనోస్కోప్ పటకారుకు చిక్కేది లోపలి శ్లేష్మపొర, దాని కిందనున్న ఉపశ్లేష్మపొరలో కొద్ది భాగం మాత్రమే. ఇంత చిన్న తునకలో తేడా తెలుస్తుందా అన్న ప్రశ్నకు జవాబు వేలూరు నుంచి వచ్చింది.

ధర్మపురి నుంచి కృష్ణగిరి మీదుగా చేరుకోగల వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలలో అన్నా పులిమూడ్, బి.ఎస్. రామకృష్ణ తదితరులు 1999లో ‘గట్’ పత్రికలో ప్రచురించిన అధ్యయనం 20 మంది క్షయ రోగులను, 20 మంది క్రోన్స్ రోగులను తీసుకొని, మొదటివారి పేగుల్లో 61 చోట్ల నుంచి, రెండవవారి పేగుల్లో 112 చోట్ల నుంచి తీసిన బయాప్సీలను పోల్చింది. క్షయలో ఒక్కొక్క కోతలో, అంటే తునక నుంచి స్లైడు కోసం కోసిన పలుచని పొరలో, సగటున 5.35 గ్రాన్యులోమాలు ఉండగా క్రోన్స్‌లో 0.75 మాత్రమే ఉన్నాయి. క్షయ గ్రాన్యులోమా వెడల్పు సగటున 193 మైక్రాన్లు, క్రోన్స్‌ది 95 మైక్రాన్లు. క్షయలో అవి ఒకదానితో ఒకటి కలిసిపోయి, తరచుగా నడిమధ్య జున్నులా చితికిన మృతకణజాలంతో, పుండు అంచుల వెంట ఎపిథీలియాయిడ్ కణాల (గ్రాన్యులోమాను కట్టే రక్షణ కణాల) గుంపులతో కనిపిస్తాయి. క్రోన్స్‌లో గ్రాన్యులోమాలు అరుదుగా, చిన్నగా, కొన్నిసార్లు సరిగా రూపు కట్టని కణాల గుంపులుగానే ఉంటాయి. అయితే కంటికి మామూలుగా కనిపించిన చోట తీసిన తునకలో కూడా దీర్ఘకాలిక వాపు ఆనవాళ్లు బయటపడతాయి. ఈ చివరి అంశం అన్నింటికన్నా విలువైనది, ఎందుకంటే పుండు దగ్గర మాత్రమే గిల్లి తీసే అలవాటు ఈ సాక్ష్యాన్ని ముందే చేజార్చుకుంటుంది. చిన్నపేగు చివర, పురీషనాళం సహా కనీసం ఐదు చోట్ల, చోటుకు రెండు తునకల చొప్పున తీసి, ఏ చోటివి ఆ సీసాలో విడిగా వేసి చీటీ అంటించాలన్న నియమానికి బలం ఇక్కడే ఉంది.

స్లైడు మీద చదవవలసినవి ఇంకా ఉన్నాయి. ఆరోగ్యవంతమైన పెద్దపేగు పొరలో గొట్టపు గ్రంథులు స్టాండులో పెట్టిన పరీక్షనాళికల్లా వరుసగా, సమాన దూరంలో నిలబడి ఉంటాయి. దీర్ఘకాలిక వాపులో అవి కొమ్మలు వేస్తాయి, పొట్టివవుతాయి, వంకరపోతాయి, అడుగున ప్లాస్మా కణాలు గుమిగూడతాయి. కొద్దిరోజుల్లో తగ్గిపోయే సాంక్రమిక విరేచనాల్లో గ్రంథుల వరుస చెడదు. గ్రంథులు వంకరపోవడానికి కొన్ని వారాలు పడుతుంది గనుక విరేచనాలు ఎప్పుడు మొదలయ్యాయన్నది తెలియకుండా స్లైడును సరిగా చదవలేరు. ఇంట్లో తెలుగు, ఆసుపత్రిలో తమిళం, చీటీ మీద ఇంగ్లీషు నడిచే ధర్మపురి, కృష్ణగిరి, హోసూరు ప్రాంతాల కుటుంబాల విషయంలో, ‘ఎన్ని నెలలుగా’ అన్న ఒక్క సమాచారం ఆ మూడు భాషల మధ్య పడిపోకుండా ప్రయోగశాలకు చేరడం చిన్న సంగతి కాదు. రక్తవిరేచనాలు ఉంటే ఎర్రకణాలను మింగిన అమీబాల కోసం వెతకడం కూడా తప్పనిసరి. అమీబిక్ కొలైటిస్‌లో స్టెరాయిడ్లు పేగుకు చిల్లు పడేంత ప్రమాదం తెస్తాయి.

సీసాలోని ద్రవం మాట కూడా ఇక్కడే చెప్పాలి. సూక్ష్మదర్శిని పరీక్షకు వెళ్లే తునకలు ఫార్మలిన్‌లో పడాలి. క్షయక్రిమిని పెంచి చూసే కల్చరుకు, జాతీయ క్షయ కార్యక్రమం కింద జిల్లా స్థాయికి చేరిన, క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే జీన్‌ఎక్స్‌పర్ట్ పరీక్షకు వెళ్లేవి సెలైన్‌లో తాజాగా చేరాలి. అన్నింటినీ ఫార్మలిన్‌లోనే ముంచితే క్రిమి చచ్చిపోతుంది, కల్చరు చేసే వీలు అక్కడితో పోతుంది. పేగు తునకలో క్రిముల సంఖ్య చాలా తక్కువ కాబట్టి క్షయక్రిమిని చూపే జీల్-నీల్సన్ రంగుతో గానీ జీన్‌ఎక్స్‌పర్ట్‌తో గానీ అవి దొరికితే క్షయకు గట్టి ఆధారం, దొరకకపోతే క్షయ లేదని అర్థం కాదు.

క్రోన్స్ నగరాల జబ్బు అన్న ఊహ మీద ఆధారపడి నిర్ణయించే రోజులు కూడా గడిచిపోయాయి. హైదరాబాదులోని ఏషియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ గ్యాస్ట్రోఎంటరాలజీ 30 వేలకు పైగా రోగులను పరిశీలించి 2023లో వెలువరించిన అధ్యయనంలో, లక్షణాలతో వచ్చిన గ్రామీణుల్లోనూ నగరవాసుల్లోనూ పేగువాపు వ్యాధి ఇంచుమించు సమాన నిష్పత్తిలో కనిపించింది. కనుక పల్లె నుంచి వచ్చినవారు గనుక క్షయే అయి ఉంటుందని తేల్చడం శాస్త్రం కాదు.

తునకలు ఎటూ తేల్చనప్పుడు క్షయ మందులు మొదలుపెట్టి రెండు మూడు నెలలకు కొలనోస్కోపీతో మళ్లీ చూడటం మన దేశంలో స్థిరపడిన పద్ధతి. జ్వరం తగ్గింది, ఆకలి పుట్టింది అన్న మాట మీద ఆగిపోకూడదు, ఎందుకంటే క్రోన్స్ రోగులు కూడా కొందరు ఆ మందులతో కొంతకాలం తేరుకున్నట్టే ఉంటారు; పుండు మానిందా అన్నదే ప్రమాణం. మానకపోతే మొదటి తునకలను తిరిగి చదవాలి. ఆ తునకలను మైనంలో పోతపోసిన దిమ్మలు ఏళ్ల తరబడి మామూలు గది వేడిలోనే చెడకుండా ఉంటాయి. కాబట్టి రోగి చేతికి నివేదిక కాగితంతోపాటు, దిమ్మ ఏ ప్రయోగశాలలో, ఏ సంఖ్యతో ఉన్నదో కూడా రాసి ఇస్తే, ధర్మపురిలో తీసిన తునక నుంచి వేలూరులోనో హైదరాబాదులోనో మరికొన్ని కోతలు కోసి, మొదటి కోతలో తప్పిపోయిన గ్రాన్యులోమాను వెతకవచ్చు.